కత్తెర పిడికి చుట్టిన గుడ్డ

మే 6

నగరాన్ని ఇవాళ గాల్లోకి లేపాను. ఇన్నాళ్ళూ నేల మీదే చతికిలబడి ఉంది, చూసి చూసి నాకే విసుగొచ్చింది. ఇప్పుడు కొండంత గుడ్డబుడగలు, వాటికి వేలాడే వీధులు, వీధుల చివర చుక్కాని గది. చుక్కాని పెద్దతల్లి చేతిలో ఉంటుంది. ఆవిడ తర్వాత ఆవిడ కూతురు, ఆ తర్వాత కూతురి కూతురు. మగవాళ్ళు చుక్కాని ముట్టుకోకూడదు. ఎందుకు ముట్టుకోకూడదో ఒక కారణం ఉండాలి కదా అని కాసేపు పెన్ను కొరికి, పూర్వం ఎవడో నగరాన్ని కొండకి గుద్దేశాడని రాశాను. చాలు. చదివేవాళ్ళు అంతకంటే అడగరు.

ఆడవాళ్ళు ఏలే లోకాల కథలు నేను చదివినవన్నీ రెండే రకాలు. ఒక రకంలో వాళ్ళ చేతిలో కొరడాలుంటాయి, రెండో రకంలో పూలుంటాయి. పొద్దున్నే లేచి తాళాలు తీసేవాళ్ళు, పనివాళ్ళు రాలేదని గొణుక్కునేవాళ్ళు ఒక్కరూ కనబడరు. నా లోకంలో ఆడవాళ్ళు పనిచేసి అలిసిపోయి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఏలుతారు. అలాంటివాళ్ళు నాకు బాగా తెలుసు. కింద వర్క్‌షాపులో ముగ్గురున్నారు.

అమ్మమ్మ కేకేస్తోంది. కటింగ్ నేర్చుకునే వేళట.

మే 7

కాలేజీలో ఎవరైనా మీవాళ్ళు ఏం చేస్తారని అడిగితే నీడ అమ్ముతామనేదాన్ని. దుకాణాల ముందు ఎండతెరలు, లారీల మీద టార్పాలిన్లు, పెద్ద పెద్ద గుడారాలు. చదువు అయ్యాక ఏడాదిగా మేడ మీద గదిలో అటూ ఇటూ తిరగడం తప్ప నేనేమీ అమ్మలేదు.

మా ఇంట్లో ఆడవాళ్ళు కత్తిరిస్తారు, మగవాళ్ళు కుడతారు. ఎందుకని ఎవరూ అడగరు. ఎప్పుడూ అంతే. పెద్దమ్మ బయట కొలతలకి తిరుగుతుంది, అమ్మ గిరాకీలతో మాట్లాడుతుంది. వాళ్ళిద్దరి చేతులూ కత్తెరకి పనికిరావని అమ్మమ్మ ఎప్పుడో తేల్చేసింది. ఇల్లరికం వచ్చిన నాన్న ఒక మిషన్ మీద, అన్నయ్య ఇంకో మిషన్ మీద. మిగిలింది నేను.

అమ్మమ్మకి చూపు ఆనడం లేదు. ఒక గీత రెండుగా కనబడుతోందట. "నాటకాలవాళ్ళ గుడారం వచ్చే నెల మొదలెడతాం. దాని మొదటి కోత నీది. ఆ రోజే కత్తెర నీకిచ్చేస్తా," అంది. ఈ ఇంట్లో కత్తెర చేతులు మారడం నేను చూడలేదు. ఒకసారి మారితే ఇంక ఆ చేతిలోనే ఉంటుంది.

మోచేయంత కత్తెర అది. పిడి రింగుకి గుడ్డ పేలికలు చుట్టి చుట్టి మెత్తగా ఉంది. నా బొటనవేలు సరిగ్గా ఇమిడింది.

"నీకోసమే చేసినట్టుందే," అంది అమ్మమ్మ.

నాకూ అలాగే అనిపించింది. కత్తిరించడమంటే నాకేమీ ఇష్టం లేదు. అయినా అనిపించింది.

తర్వాత నన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోమంది. అది కత్తిరించేవాళ్ళ కుర్చీ. అమ్మమ్మ ఊళ్ళో లేనప్పుడు కూడా అందులో ఎవరూ కూర్చోరు. అక్కడ గాలి బాగా వస్తుంది.

మే 10

కాఫీ హోటలు ఎండతెరకి రెండు పక్క ముక్కలుంటాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. నేను రెండూ ఎడమకే కత్తిరించాను. గుడ్డకి ఒక వైపే వాన ఆగే పూత ఉంటుంది కాబట్టి తిరగేసి వాడటానికి లేదు. మిషన్లు ఆగిపోయాయి. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అన్నయ్య రెండు ముక్కలూ పైకెత్తి చూశాడు. "ఏముంది, ఆ హోటలాయన రెండు కాళ్ళకీ ఎడమ చెప్పులే వేసుకుంటాడు. అంతేగా యువరాణి గారూ?"

"నోర్ముయ్యరా. నేర్చుకునే పిల్ల," అంది అమ్మమ్మ. నా వైపు తిరిగి, "అలవాటవుతుందిలే," అంది. అంతే. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఇంత పెద్ద తప్పు ఇంత తేలిగ్గా పోవడం చూసి నా లోకంలో కూడా పెట్టాలనిపించింది. క్షమించే రాజ్యం.

మే 13

నా నవల పంపిన ప్రచురణ సంస్థ సైకిల్ షాపు మీద రెండు గదుల్లో ఉంటుంది. సంపాదకురాలికి నేను పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను. నా నూరు పేజీలు ఆవిడ బల్ల మీద తట్టు పోసినట్టున్నాయి.

"బుడగలు బాగున్నాయి. కుట్లు, ముళ్ళు, తాళ్ళు, ఇవన్నీ నీకు తెలిసే రాశావు," అంది. "మీ పెద్దతల్లి మాత్రం నాకు నచ్చలేదు. రాజుకి మీసం గొరిగేసి తల్లి అని పిలుస్తున్నావు."

నేను ఏదో చెప్పబోయాను.

"ఉండు. మగవాళ్ళు పొద్దున్నించీ సాయంత్రం దాకా ఏం చేస్తారు నీ నగరంలో?"

"హాయిగా ఉంటారండీ."

"ఏం చేస్తూ?"

నాకు తెలియదు. నూరు పేజీలు రాశాను, నిజంగా తెలియదు.

"ఒక అధ్యాయం మగవాడి నోటితో రాసి తీసుకురా అమ్మాయ్. అది నిలబడితే పుస్తకం వేద్దాం."

మే 14

పరిశోధన.

నాన్న ఇస్త్రీ చేస్తున్నాడు. "నాన్నా, అన్నీ ఆడవాళ్ళే ఏలే లోకంలో పుట్టావనుకో. ఎలా ఉంటుంది?" అన్నాను. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి కాసేపు ఆలోచించాడు. "మీ అమ్మనడిగి చెప్తా," అన్నాడు. జోకు కాదు, నిజంగానే అన్నాడు.

అన్నయ్య మిషన్‌కి నూనె వేస్తున్నాడు.

"ఊహించుకోవాలా?"

"అవును, ఊహించుకో."

"దేనికే, ఇక్కడ కూర్చుంటే సరిపోదూ?"

"నేను సీరియస్‌గా అడుగుతున్నా."

"నేనూ అంతే. మీ నగరంలో మగాళ్ళని తిడతారా?"

"ఛ. చాలా బాగా చూసుకుంటారు."

"అయితే కష్టమే," అన్నాడు. "తిడితే తిరగబడొచ్చు."

చెయ్యి తుడుచుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. అది మంచి మాట. నగరంలో ఎవరి నోట పెట్టాలో తోచలేదు. మగవాళ్ళలో మాట్లాడేవాడు ఇంకా పుట్టలేదు.

మే 19

నా చెయ్యి కుదిరింది. నిజం. సాయంత్రం సుద్దతో గీసి పెట్టుకుంటున్నాను, పొద్దున్న వచ్చి ఆ గీత మీదే కత్తిరిస్తున్నాను, ముక్కలు ఒకదానికొకటి అతికినట్టు వస్తున్నాయి. లారీ టార్పాలిన్ మూలలు కూడా. రాత్రి పడుకుని లేచేసరికి చేతికి తెలివొస్తుందేమో.

భోజనాల దగ్గర నాన్న గొణుగుడు: "పెద్దాడి చొక్కా చేతులకి నీలం అంటుకుంటోంది. ఎంత రుద్దినా వదలదేం?" అన్నయ్య మంచినీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

మగవాడి అధ్యాయం మొదలుపెట్టాను. అతను బుడగలు కుట్టేవాడు. సంతోషంగా ఉంటాడు.

మే 22

అమ్మమ్మ నేను కత్తిరించిన అంచు మీద వేలితో ఈ చివరి నించి ఆ చివరి దాకా తడిమింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు అంది పెద్దమ్మ.

మే 25

నిన్న సాయంత్రం తలనొప్పిగా ఉండి, పండ్ల దుకాణం తెరకి వంపు ఎలాపడితే అలా గీసి వదిలేశాను. పొద్దున్న సరిగ్గా గీద్దామనుకున్నా.

పొద్దున్న వంపు సరిగ్గా ఉంది.

బల్ల మీదకి వంగి చూశాను. నా పాత గీతని తడిగుడ్డతో తుడిచిన నీలం మరక ఉంది. దాని పక్కన కొత్త గీత, ఒకే ఊపులో గీసింది, ఎక్కడా ఆగలేదు. గీత చివర నేనెప్పుడూ చిన్న అడ్డుగీత పెడతాను. అక్కడ చుక్క ఉంది.

అన్నయ్య అప్పటికే మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. సూదిలోకి దారం ఎక్కించడానికి అంతసేపు పట్టదు ఎవరికీ.

ఆ గీత మీదే కత్తిరించాను.

మే 26

చెప్పొచ్చు. అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదు, ఇవాళ వద్దు.

మే 27

పెద్దమ్మ చుట్టాలెవరో వచ్చారు. వాళ్ళ ముందు నన్ను కిటికీ కుర్చీలో కూర్చోబెట్టి, "మా తర్వాత ఇదే," అని చూపించారు. అందరిలో ఎలా చెప్పను?

ఇంకోటి. వాడు కావాలనే చేస్తున్నాడుగా. నేనేమీ చెయ్యమనలేదు.

మే 29

అందరూ భోజనానికి లేచాక అన్నయ్య దగ్గరికెళ్ళి, "గీతలు నువ్వు దిద్దుతున్నావు," అన్నాను.

"వంకరగా కత్తిరిస్తే వంకరగా కుట్టాల్సింది నేనేగా."

"అదొక్కటేనా?"

కుడుతున్న గుడ్డ కిందకి దించాడు. "కత్తిరిస్తే ఊరుకోరు. గీస్తే ఎవరికి కనబడుతుంది?"

"అమ్మమ్మని అడగొచ్చుగా, కటింగ్ నేను చేస్తానని."

"అడిగాను, ఎప్పుడో. నవ్వారు. అందరూ, మంచిగానే. అమ్మ నా తల నిమిరింది కూడా." పళ్ళతో దారం తెంపాడు. "నీతో చెప్పకూడదనుకున్నా గానీ, బస్సులకి సీట్లు కుట్టే కంపెనీలో మాట్లాడుకున్నా. నీ చేతికి కత్తెరొచ్చిన మర్నాడే వెళ్తా. అక్కడ నాలుగు నెలలు కుడితే కటింగ్‌లోకి తీసుకుంటారట, ఎవరినైనా."

"మరి ఇక్కడ నా గీతలెవరు..." అన్నాను. ఆ మాట నా నోటి నించే వచ్చింది. వాడు నన్ను అదో రకంగా చూశాడు. కోపంగా కాదు.

సాయంత్రం నాన్న ఆరిన బట్టలు మడతపెడుతుంటే రెండో చివర పట్టుకుని అడిగాను, మగవాళ్ళు కత్తెర ఎందుకు ముట్టుకోరని.

"మీ తాతయ్య వల్ల," అన్నాడు. "అప్పట్లో కటింగ్ ఆయనదే. ఒకసారి పెద్ద గుడారానికి రెండు రెక్కలూ ఒకే వైపువి కత్తిరించేశాడట. గుడ్డ తాను మొత్తం పోయింది. ఆ రోజే మీ అమ్మమ్మ కత్తెర లాక్కుంది. ఇంకెప్పుడూ మగాడి చేతికివ్వనంది."

"రెండూ ఒకే వైపువా?"

"ఆ. రెండూ ఎడమవే."

దుప్పటి మూల నా చేతిలోంచి జారింది. నాన్న ఎత్తి మళ్ళీ నా చేతికిచ్చాడు. ఆయనకి గుర్తు రాలేదో, గుర్తొచ్చి ఊరుకున్నాడో తెలియదు.

మేడ మీదకొచ్చి ఈ నెల మొదట్లో రాసిన పేజీ తీసి చూసుకున్నా. పూర్వం ఎవడో నగరాన్ని కొండకి గుద్దేశాడు. నేనే కల్పించాననుకున్నాను.

జూన్ 2

అధ్యాయం ఇచ్చాను. ఎర్రపెన్ను నా ముందే చదివింది. ఈసారి ఎక్కడా గీత పెట్టలేదు, అందుకే భయమేసింది.

"'మా తల్లులు మమ్మల్ని బాగా చూసుకుంటారు. మాకేం కావాలి?' అంటున్నాడు ఇతను," అంది. "చివరిదాకా అదే. అబద్ధమాడుతున్నాడు కదూ?"

"అతను సంతోషంగానే ఉన్నాడండీ."

"అయితే అబద్ధమాడేది నువ్వు." కాగితాలు సర్ది నా వైపు తోసింది. "ఆ నగరంలో నువ్వెక్కడ కూర్చుని రాస్తున్నావో ఒకసారి చూసుకో అమ్మాయ్."

దారి పొడుగునా ఆవిడని తిట్టుకుంటూ వచ్చాను. మా వీధి మలుపులో ఆగిపోయాయి తిట్లు.

జూన్ 4

రేపే గుడారం మొదటి కోత. సాయంత్రం నేల మీద కాన్వాసు పరిచారు. బల్ల చాలదు దానికి, హాలంతా పాకింది. మోకాళ్ళ మీద కూర్చుని గీతలు గీశాను. బాగా రాలేదు. కావాలని కాదు, నాకు రావు.

వాడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. చూపు గీతల మీదే ఉంది.

ఈ కత్తెర నాకు అక్కర్లేదని నెల రోజులుగా అనుకుంటున్నాను. అక్కర్లేనిదాన్ని ఇవ్వడానికి ఇంత కష్టమెందుకు? కుర్చీ కావాలి నాకు. అది రాశాక కొంచెం తేలిగ్గా ఉంది.

జూన్ 5

పొద్దున్నే అందరూ చేరారు. గీతలు దిద్ది ఉన్నాయి. చివర్లలో చుక్కలు.

అమ్మమ్మ కత్తెర నా చేతిలో పెట్టింది. బొటనవేలు ఎప్పట్లాగే ఇమిడింది. నేను కత్తెర పక్కన పెట్టి, బకెట్లో గుడ్డ ముంచి, మొదటి గీత తుడిచేశాను.

"ఏం చేస్తున్నావే?" అంది అమ్మ.

"ఈ గీత నాది కాదమ్మా. అన్నయ్యది. నెల్లాళ్ళ నించీ అన్నీ అన్నయ్యవే. మళ్ళీ గీయమను, ఈసారి అందరి ముందూ."

అన్నయ్య మొహం ఎర్రబడింది. "నిన్నెవరడిగారు?" అన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. వాడు దాచుకున్నదాన్ని అందరి ముందూ పరిచానని అప్పుడు తట్టింది.

పెద్దమ్మ అమ్మమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఇదేదో పిల్లలు పిల్లలు అనుకుని..."

"నాకు తెలుసు," అంది అమ్మమ్మ. "కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదు. దీని కోత అంచు ఇన్నాళ్ళూ ఎక్కడా తడబడలేదంటే గీసిన చెయ్యి వేరే అని ఎప్పుడో తెలిసింది."

"మరి అనలేదేం?" అన్నాను.

"అంటే ఏదో ఒకటి చెయ్యాలి కదే."

 అమ్మ నెమ్మదిగా, "వీడు కూడా వాళ్ళ తాతయ్య చేసినట్టు చేస్తే?" అంది.

"నేను చేశానుగా, పోయిన నెల," అన్నాను. "రెండూ ఎడమవే. అలవాటవుతుందన్నారు."

అమ్మ నా వైపు చూసి, కిందకి చూసింది. అమ్మమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు మా నాన్న దగ్గాడు. కత్తెర ఉన్న గదిలో ఆయన నోరు విప్పడం నేను పుట్టాక ఇదే మొదలు.

"అత్తయ్యగారూ, వాడి చొక్కాలు ఉతికేది నేను. ఆ నీలం సుద్ద వదలట్లేదండీ. కటింగ్ వాడికే ఇచ్చేస్తే ఆ పనికని ఒక ముతక చొక్కా పక్కన పెట్టేస్తాను."

పెద్దమ్మకి నవ్వాగలేదు. అమ్మమ్మ నవ్వలేదు. "ఇన్నేళ్ళకి అల్లుడుగారు ఒక మాటన్నారు, కాదంటే బాగుండదు," అని, "ఒరేయ్ పెద్దాడా, ఇటు రా," అంది.

వాడు మొదటి గీత మళ్ళీ గీశాడు. ఒకే ఊపు. తర్వాత కత్తెర తీసుకున్నాడు. బొటనవేలు గోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. బలంగా తోశాడు, పోలేదు. చిన్నగా నవ్వాడు, ఇదన్నమాట సంగతి అన్నట్టు. కత్తెర బల్ల మీద పెట్టబోయాడు.

"ఇలా తే," అంది అమ్మమ్మ.

కుర్చీలో కూర్చుని, కత్తెర ఒళ్ళో పెట్టుకుని, రింగుకి చుట్టిన పేలిక కొస వెతికి పట్టుకుంది. విప్పడం మొదలుపెట్టింది. పైన పూల గుడ్డ, ఈమధ్య వేళ్ళు సన్నబడ్డాక చుట్టింది. దాని కింద చారలది, నూనె పట్టి నల్లబడింది. ఇంకా కింద ఇంకోటి, రంగే తెలియలేదు. ఎంత విప్పినా వస్తూనే ఉన్నాయి. మేమంతా నిలబడి చూస్తున్నాం, ఎవరమూ సాయం చెయ్యలేదు. చివరికి ఇనుము బయటపడింది. వెడల్పాటి రింగు, లోపల ఎవరిదో లావు బొటనవేలు ఏళ్ళ తరబడి ఒరుసుకుని మెరుస్తోంది.

"మీ తాతయ్యది," అంది. ఎవరితోనూ కాదు.

నాకోసమే చేసినట్టుందని నేననుకున్నదంతా ఆవిడ ఒళ్ళో కుప్పగా పడి ఉంది.

అన్నయ్య బొటనవేలు పెట్టాడు. పట్టింది. నేల మీద కూర్చుని మొదటి కోత వేశాడు. కాన్వాసు చీలే చప్పుడు నేను కోసినప్పుడూ ఇలాగే ఉంటుందా? ఎప్పుడూ వినలేదు.

జూన్ 6

బస్సు సీట్ల వాళ్ళకి రానని చెప్పేశాడట. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. సుద్ద కావాలంటే మాత్రం నన్నే అడుగుతాడు, యువరాణి గారూ అని. పేరు పోలేదు, రాజ్యం పోయింది.

జూన్ 9

ఇవాళ అన్నయ్య గుడారం ద్వారం ముక్క జానెడు పొట్టిగా కత్తిరించాడు. పెద్ద నష్టమేమీ లేదు, అతుకేస్తే సరిపోతుంది. అయినా అందరి మిషన్లూ ఆగిపోయాయి. వాడు కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, మెడ మీద చెమట. అమ్మ అమ్మమ్మ వైపు చూసింది. పెద్దమ్మ కూడా. నేనూ.

అమ్మమ్మ ముక్క అందుకుని అంచంతా తడిమింది. చాలాసేపు తడిమింది.

"అలవాటవుతుందిలే," అంది.

మిషన్లు మొదలయ్యాయి. కాసేపటికి వాడు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎవరినీ అడగలేదు, కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. జుట్టు ఎగురుతోంది.

నేను నాన్న పక్క మిషన్ మీద తిన్నగా కుట్టడం నేర్చుకుంటున్నాను. అది కూడా బాగా రావట్లేదు. ఇక్కడ ఉక్కగా ఉంటుంది, కుర్చీ ఉన్న గోడ వైపు చూపు ఊరికే పోతుంటుంది. నాకు కుళ్ళుగా ఉంది. కొంచెం కాదు. వాడు మంచివాడు, ఇచ్చింది నేనే, అయినా కుళ్ళుగా ఉంది. "చూడకు, దారం తెగుతుంది," అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. ఇన్నేళ్ళు ఇక్కడే కూర్చున్న మనిషి.

సాయంత్రం మేడ మీదకొచ్చి మగవాడి అధ్యాయం చింపేశాను. తెల్లకాగితం తీసుకుని అతన్ని మళ్ళీ మిషన్ ముందు కూర్చోబెట్టాను. ఈసారి అడక్కుండానే మాట్లాడాడు. మొదటి వాక్యం:

"చుక్కాని గదిలో గాలి బాగా వస్తుందట."